పాఠాంతరాలు: రాయగడలో ఒక రక్తపరీక్ష కాగితం చదవడం

ఒడిశాలోని రాయగడలో మేముండే వీధిలో తెలుగు ఇళ్ళూ ఒడియా ఇళ్ళూ గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఆ మధ్య పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడుతున్న రోజుల్లో పక్కింటావిడ రెండు కాగితాలు పట్టుకొని వచ్చారు. ఒకటి ఆమె కూతురిది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకు పెట్టిన పరీక్షా శిబిరంలో ఇచ్చిన ఆ కాగితంలో ‘పాజిటివ్’ అని ఉంది. రెండోది కాబోయే అల్లుడిది. అతను ఆమె సొంత అన్నగారి కొడుకు, పార్వతీపురంలో ఉంటాడు. అతని కాగితంలో ‘నెగిటివ్’ అని ఉంది. “పిల్లకి జబ్బున్నట్టేనా మాస్టారూ? మా అన్నయ్యకి ఈ సంగతి చెప్పాలంటారా?” అని అడిగారామె. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఇవి తేలిక ప్రశ్నలే కావాలి. చెప్పబోతే మాత్రం ఒక్కొక్క మాటకీ వెనుక ఇంకో మాట విప్పవలసి వచ్చింది. ఆ సాయంత్రం విప్పినవీ, వేళకాక విప్పలేకపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక పొరపాటు మాటను పక్కన పెట్టాలి. “ఆ పిల్లకి సికిల్ సెల్ జన్యువు ఉందట” అని మన ఊళ్ళలో చెప్పుకుంటారు, పత్రికలు కూడా అలాగే రాస్తాయి. ఆ జన్యువు లేని మనిషి ఎవరూ లేరు. సికిల్ సెల్ జబ్బుకు సంబంధించిన జన్యువు మనందరిలోనూ ఉంది, అదే మన రక్తాన్ని ఎర్రగా ఉంచే పదార్థంలో సగభాగాన్ని తయారు చేయిస్తుంది. తేడా అంతా ఆ జన్యువులో రాసి ఉన్న పాఠంలో ఉంది.

పాఠం అన్న మాటను ఊరికే వాడలేదు. పూర్వం కావ్యాలను తాళపత్రాల మీద ఒకరి ప్రతి నుంచి ఒకరు ఎత్తి రాసుకొనే రోజుల్లో లేఖకుడి చేతిలో ఎక్కడో ఒక అక్షరం జారేది. తర్వాతివాడు ఆ జారిన అక్షరాన్నే నమ్మకంగా ఎత్తి రాసేవాడు. గ్రంథాన్ని పరిష్కరించే పండితులు నాలుగైదు ప్రతులు ముందు వేసుకొని, ఫలానా పద్యంలో ఫలానా చోట పాఠాంతరం ఉందని పేజీ అడుగున చూపిస్తారు. కణాలలో జరిగేది కూడా ఇలాంటి ఎత్తిరాతే. అక్కడి గ్రంథం పేరు డీఎన్‌ఏ. దాని లిపిలో నాలుగే అక్షరాలు, వాటిని ఏ, టీ, జీ, సీ అంటారు. మనిషికి ఒక పూర్తి ప్రతి అంటే దాదాపు 300 కోట్ల అక్షరాలు. అటువంటివి రెండు ప్రతులు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ప్రతి మనిషికీ వస్తాయి. ఈ ప్రతులు ఒకే పొడుగాటి పోగులా ఉండవు, 23 కట్టలుగా విడివిడిగా ఉంటాయి. ఆ కట్టలే క్రోమోజోములు. రెండు ప్రతులకూ కలిపి 23 జతలు. ఒక పని చేయించే వాక్యం వంటి భాగం జన్యువు. జన్యుగ్రంథం మొత్తాన్ని కలిపి జీనోమ్ అంటారు. పాఠ్యపుస్తకాలలో ‘యుగ్మ వికల్పకం’ అని పిల్లల్ని భయపెట్టే అల్లీల్‌ను పాఠాంతరం అని చెబితే తరగతిలో ఒక్కరు కూడా తికమకపడగా నేను చూడలేదు.

ఈ గ్రంథాన్ని కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. మాటల మధ్య ఖాళీలు ఉండవు. తెలుగులో ‘పలక కలప మడత’ అని మూడక్షరాల మాటలు మూడు రాసుకుందాం. ‘పలక’లో నడిమి అక్షరం మారి ‘పడక’ అయితే ఒక మాట వేరొక మాట అవుతుంది, మిగిలిన రెండూ చెక్కు చెదరవు. అలా కాక మొదటి ‘ప’ ఎగిరిపోయి, చదివేవాడు మాత్రం మూడేసి అక్షరాలే లెక్కపెట్టుకుంటూ పోతే ‘లకక లపమ డత’ అని వస్తుంది, అక్కడి నుంచి చివరి దాకా అర్థం పోతుంది. మొదటి రకం మార్పుకు సికిల్ సెల్ ఉదాహరణ. రెండో రకం మార్పు మన దేశంలో కనిపించే బీటా థలసీమియా అనే రక్తహీనత జబ్బు కారణాలలో ఒకటి. ఈ రెంటికీ చోటు ఒకే జన్యువులో ఉందన్న సంగతి గుర్తుపెట్టుకుంటే చివర్లో పనికొస్తుంది.

ఆ జన్యువు 11వ క్రోమోజోములో ఉంటుంది. ఎర్ర రక్తకణాలలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. మనం మాట్లాడుకుంటున్న జన్యువు బీటా గొలుసుకు పాఠం. మూడక్షరాల మాట ఒక్కొక్కటికీ ఒక్కొక్క అమైనో ఆమ్లం చొప్పున 146 అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చితే ఆ గొలుసు తయారవుతుంది. ఆరో స్థానంలో ‘జీ ఏ జీ’ అని ఉండవలసిన చోట ‘జీ టీ జీ’ అని ఉంటే గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. గ్లుటామిక్ ఆమ్లం నీళ్ళతో పొత్తుగా ఉండేది, వాలీన్ నీళ్ళకు దూరంగా తప్పుకొనేది. ఆక్సిజన్‌ను విడిచిపెట్టిన తర్వాత ఇలాంటి హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవాటి తాళ్ళుగా పేనుకుంటాయి. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన కణం ఆ తాళ్ళ బలానికి కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. సన్నని రక్తనాళాలలో ఇరుక్కొని ఎముకల్లోనూ కీళ్ళలోనూ భరించరాని నొప్పి తెప్పిస్తుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది రెండు మూడు వారాలకే చితికిపోతుంది, అందుకే రక్తహీనత. లైనస్ పౌలింగ్ బృందం 1949లో ఈ హీమోగ్లోబిన్ మామూలుదానికంటే వేరని విద్యుత్ పరీక్షతో చూపించి దీన్ని ‘అణువు జబ్బు’ అన్నది. ఏడెనిమిదేళ్ళలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని కనిపెట్టాడు. 300 కోట్ల అక్షరాలలో ఒక అక్షరం మనిషిని మంచం పట్టించగలదని ప్రపంచానికి తెలిసిన మొదటి సందర్భం ఇదే.

అయితే మంచం పట్టించేది ఒక ప్రతిలో ఉన్న పాఠాంతరం కాదు. రెండు ప్రతుల్లోనూ అదే ఉంటే జబ్బు వస్తుంది. ఒక ప్రతిలో మామూలు పాఠం, ఇంకో ప్రతిలో మారిన పాఠం ఉన్నవారిని వాహకులు అంటారు. వారి రక్తంలో మామూలు హీమోగ్లోబిన్ సగానికి పైగా ఉంటుంది కాబట్టి కణాలు మామూలు జీవితంలో వంగిపోవు. మా పక్కింటి అమ్మాయి వయసు ఇరవై మూడు, రోజూ కొండ దిగువ దాకా సైకిలు తొక్కుతుంది, ఒక్కనాడు కూడా నొప్పులని పడుకోలేదు. ఆమె వాహకురాలే అయి ఉండాలని ఆమె ఆరోగ్యమే చెబుతోంది. కాగితం మాత్రం ఆ మాట చెప్పదు. ఎందుకంటే శిబిరాలలో మొదట చేసే సొల్యుబిలిటీ పరీక్ష, అంటే రక్తపు చుక్కను ఒక ద్రావణంలో కలిపి మబ్బుగా మారిందా లేదా అని చూసేది, సికిల్ హీమోగ్లోబిన్ ఉందా అన్న ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. వాహకులకూ పాజిటివే, రోగులకూ పాజిటివే. ఈ ఒక్క ఇంగ్లీషు మాట మన జిల్లాలలో ఎన్ని సంబంధాలను చెడగొట్టిందో నాకు తెలిసినవే నాలుగున్నాయి. వాహకత్వాన్ని జబ్బు అనడం, ఇంట్లో అగ్గిపెట్టె ఉన్నవాణ్ణి ఇల్లు తగలబెట్టినవాడు అన్నట్టే ఉంటుంది.

ఇక్కడే పాఠ్యపుస్తకాలు చేసే ఇంకో తికమక ఉంది. ‘బహిర్గతం’, ‘అంతర్గతం’ అని రెండు ముద్రలు తయారు చేసి, ఒక్కో పాఠాంతరం నుదుట ఒక్కో ముద్ర కొట్టేస్తారు. మెండెల్ బఠాణీలలో పొడుగు, పొట్టి లెక్కలు అలా చక్కగా కుదిరాయి కాబట్టి అన్నిటికీ అదే అనుకుంటాం. సికిల్ పాఠాంతరాన్ని తీసుకోండి. జబ్బు వస్తుందా అని అడిగితే అది అంతర్గతం, ఎందుకంటే ఒక్క ప్రతి చాలదు. రక్తంలో ఏ ఏ హీమోగ్లోబిన్‌లు ఉన్నాయి అని అడిగితే రెండూ బయటపడతాయి, ఏదీ దేన్నీ అణచడం లేదు. మలేరియా నుంచి కాపాడుతుందా అని అడిగితే ఒక్క ప్రతే చాలు, అంటే బహిర్గతం. పాఠాంతరం ఒకటే, మనం అడిగే ప్రశ్నను బట్టి దాని నడత మారుతోంది. ఈ ముద్రలు జన్యువుకు చెందినవి కావు, గమనిస్తున్న లక్షణానికి చెందినవి.

సంభావ్యత దగ్గర మా ఊళ్ళో మరీ పొరబడతారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు, వాహకత్వం మాత్రమే రావడానికి సగం, ఏమీ రాకపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దీన్ని విన్న తల్లిదండ్రులు, “మొదటి బిడ్డకి వచ్చేసింది గనక ఇక ముగ్గురికి భయం లేదు” అని లెక్క వేసుకుంటారు. రూపాయి బిళ్ళకు కిందటిసారి బొమ్మ పడ్డ సంగతి గుర్తుండదు. ప్రతి కాన్పూ కొత్త ఎగరవేతే. ముగ్గురు పిల్లలున్న అలాంటి దంపతులకు ముగ్గురూ జబ్బు లేకుండా పుట్టే అవకాశం నాలుగింట మూడును మూడుసార్లు హెచ్చిస్తే వచ్చేది, అంటే 64లో 27. సగం కంటే తక్కువ. ఒకరు వాహకులు, ఒకరు మామూలు అయితే సికిల్ జబ్బు ఏ బిడ్డకూ రాదు, సగం మందికి వాహకత్వం వస్తుంది, అంతే. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ళ లోపు వారికి పరీక్షలు చేసి కార్డులు ఇవ్వాలని పెట్టుకున్నది ఈ లెక్క కోసమే. ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టినప్పుడే వాటికి అర్థం వస్తుంది.

ఇంత హానిచేసే పాఠం ఎందుకు నిలిచింది? సగటున చూస్తే రెండు ప్రతుల్లోనూ అది ఉన్న పిల్లలు పూర్వం పెద్దవాళ్ళయ్యే లోపే పోయేవారు కాబట్టి తరతరానికీ అది తగ్గిపోవాలి. తగ్గలేదు. మన్యం జ్వరం అని మన పెద్దలు పేరు పెట్టుకున్న మలేరియాను తలచుకుంటే కారణం దొరుకుతుంది. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి కొండలలో ఆ జ్వరం ఎందరిని తీసుకుపోయిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అది దోమ ద్వారా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది కూడా మన సికింద్రాబాదులోనే. సికిల్ వాహకులకు ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా చాలా అరుదుగా వస్తుందని ఆంథనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశీలనతో బయటపెట్టాడు. ఆ రక్షణ దాదాపు పదింట తొమ్మిది వంతుల దాకా ఉంటుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. రెండు ప్రతుల్లోనూ మామూలు పాఠం ఉన్నవారిలో కొందరిని మలేరియా, రెండు ప్రతుల్లోనూ మారిన పాఠం ఉన్నవారిని సికిల్ జబ్బు తీసుకుపోతుంటే, నడుమనున్న వాహకులు బతికి పిల్లల్ని కన్నారు. ఆ పాఠాంతరం మలేరియా ఉన్నచోటల్లా పాతుకుపోవడానికి కారణం ఇదే. దాన్ని ఫలానా కులం జబ్బు, ఫలానా తెగ జబ్బు అనేవారు దోమ కులం చూసి కుట్టదన్న సంగతి మరిచిపోతున్నారు. ఒడిశాలో అది మరీ ఎక్కువగా ఉన్న పశ్చిమ జిల్లాలలో వ్యవసాయ కులాలలో కూడా బాగా కనిపిస్తుంది.

పాత ప్రతులను పరిష్కరించేవారికి ఒక కిటుకు తెలుసు. ఒక పెద్ద తప్పు రెండు తాళపత్రాలలో ఉంటే, దాని చుట్టుపక్కల చిన్న చిన్న తప్పులు కూడా రెంటిలోనూ ఒకటేనా అని చూస్తారు. ఒకటే అయితే రెండూ ఒకే మూలం నుంచి ఎత్తి రాసినవని తేలుతుంది. జన్యుశాస్త్రంలో దీనికి హాప్లోటైప్ అని పేరు, అంటే ఒక కట్టలో దగ్గర దగ్గరగా ఉండి కలిసే ప్రయాణం చేసే తోడు పాఠాంతరాల గుంపు. ప్రతి తరంలోనూ అమ్మ ప్రతీ నాన్న ప్రతీ కొంత కొంత ముక్కలు మార్చుకుంటాయి గనక దూరంగా ఉన్న పాఠాలు విడిపోతాయి, ఆనుకొని ఉన్నవి మాత్రం ఎన్నో తరాలు కలిసే నడుస్తాయి. సికిల్ అక్షరం చుట్టూ ఉన్న ఈ తోడు పాఠాలను 1980లలో పరిశీలించినప్పుడు ఆఫ్రికాలో కనిపించిన గుంపులు కొన్ని, మన దేశంలోనూ అరేబియా తూర్పు భాగంలోనూ కనిపించిన గుంపు వేరొకటి అని తేలింది. ఒడిశా రోగుల రక్తం ఆ పరిశీలనలో ముఖ్యమైనది. దానికి అరబ్-భారత హాప్లోటైప్ అని పేరు పెట్టి, ఈ తప్పు ఆసియాలో విడిగా మరొకసారి పుట్టిందని నిర్ధారించారు. మొత్తం జీనోమ్‌లను చదవగలిగిన తర్వాత, 2018లో, మూలం ఒకటేనన్న వాదన కూడా వచ్చింది. ప్రతుల పరిష్కారంలో పండితులు వాదించుకోవడం వంటిదే ఇది.

తోడు పాఠాల సంగతి వచ్చింది కాబట్టి రక్తాన్ని కాసేపు వదిలి పొలంలోకి వెళదాం, ఎందుకంటే జీనోమ్ చదవడం దేనికి పనికొస్తుందో మా ప్రాంతపు రైతుకు అన్నిటికంటే స్పష్టంగా చూపించేది వరి. స్వర్ణ అనే ఎంటీయూ 7029 రకం పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో పుట్టి 1982లో విడుదలై ఒడిశాను ముంచెత్తింది. వరద నీరు ముంచెత్తినప్పుడు మాత్రం అది వారం తిరక్కుండా కుళ్ళేది. ఒడిశా రైతుల పాత రకం ఒకదాని నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ రెండు వారాలు మునిగినా తేరుకొనేది, దాని దిగుబడి మాత్రం అంతంతే. మునకను తట్టుకొనే గుణానికి మూలమైన సబ్1 అనే చోటు వరి 9వ క్రోమోజోములో ఉందని ముందుగా తోడు పాఠాల గుర్తులతో కనుక్కున్నారు, ఆ చోటులోని అసలు జన్యువును 2006లో బయటపెట్టారు. మునిగిన మొక్క మామూలుగా నీటిపైకి తేలాలని తొందరపడి సాగుతుంది, దాచుకున్న పిండిపదార్థమంతా అందులోనే ఖర్చు చేసి చచ్చిపోతుంది. ఈ జన్యువు ఆ సాగుదలను ఆపి, నీరు తీసేదాకా మొక్కను ఊపిరి బిగబట్టినట్టు ఉంచుతుంది. స్వర్ణతో సంకరం చేసిన మొక్కలను మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలుపుతూ పోతే స్వర్ణ వాటా సగటున సగం, నాలుగింట మూడు, ఎనిమిదింట ఏడు ఇలా పెరుగుతుంది. ఏ మొక్కలో ఒడిశా ముక్క ఉంది, ఏ మొక్కలో మిగతా అంతా స్వర్ణే అయింది అన్నది నారుమడి దశలోనే ఆకు ముక్క తుంచి డీఎన్‌ఏ గుర్తులతో చూసేశారు గనక ఏళ్ళు పట్టవలసిన పని కొద్ది తరాలలో తీరింది. 2009లో వచ్చిన స్వర్ణ సబ్1 కథ అది. బయటి జీవి జన్యువును ఇంజక్షన్ చేసినట్టు ఎక్కించిన పంట కాదు, పరాగ సంపర్కంతో కలిపి పాఠం చదివి ఏరుకున్న పంట. జన్యుమార్పిడి పంటల మీద జరిగే గొడవలో ఈ తేడా తెలియనివాళ్ళు రెండు పక్షాలలోనూ ఉన్నారు.

మళ్ళీ రక్తానికి వద్దాం. ఒకే అక్షరం మారిన ఇద్దరు పిల్లలలో ఒకరు నెలకోసారి ఆసుపత్రిలో చేరుతుంటే ఇంకొకరు బడికి వెళ్ళి ఆడుకుంటూ ఉండడం మా ప్రాంతపు వైద్యులు రోజూ చూస్తారు. తల్లి కడుపులో ఉన్న శిశువు బీటా గొలుసును అంతగా వాడుకోదు, గామా అనే వేరొక గొలుసుతో శిశు హీమోగ్లోబిన్ తయారు చేసుకుంటుంది. పుట్టిన కొన్ని నెలలకు గామా జన్యువు మూతపడి బీటా జన్యువు పని అందుకుంటుంది. సికిల్ జబ్బు పుట్టినరోజునే కనిపించకపోవడానికి కారణం ఇదే. కొందరిలో ఆ మూత పూర్తిగా పడదు. అరబ్-భారత హాప్లోటైప్ ఉన్న రోగులలో శిశు హీమోగ్లోబిన్ తరచుగా 20 శాతం దగ్గర ఉంటుంది, అది తాళ్ళు పేనుకోవడాన్ని అడ్డుకుంటుంది. ఆల్ఫా గొలుసు జన్యువులు 16వ క్రోమోజోములో ఉంటాయి. వాటిలో ఒకటి రెండు తగ్గిన ఆల్ఫా థలసీమియా కూడా కలిస్తే రక్తకణాలు చితికిపోవడం తగ్గుతుంది. అంటే 11వ కట్టలో ఒక అక్షరం చేసే హాని 16వ కట్టలో ఏముందన్న దానిమీద, దాని పక్క వాక్యం ఎంత తెరిచి ఉందన్న దానిమీద ఆధారపడుతోంది. రోగులకిచ్చే హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే మేలులో ముఖ్యభాగం శిశు హీమోగ్లోబిన్‌ను పెంచడమే. గామాను మూసే పని బీసీఎల్ 11ఏ అనే జన్యువుదని 2008లో తెలిసింది. 2023 చివరిలో బ్రిటన్, అమెరికాలు అనుమతించిన, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ చికిత్స రోగి మూలకణాలలో ఆ జన్యువును పనిచేయించే మీటను కత్తిరిస్తుంది. ఆ చికిత్స సికిల్ అక్షరాన్ని దిద్దిందని చాలామంది రాశారు. దాన్ని అది ముట్టుకోనే లేదు. మూతపడిన పాత వాక్యాన్ని తిరిగి తెరిపించింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, కాబట్టి మా రాయగడకు ఇప్పటికైతే మాత్రే చికిత్స.

ఇక మేనరికం. ఈ ఊళ్ళో తెలుగు ఇళ్ళకూ ఒడియా ఇళ్ళకూ వంటల్లో కంటే పెళ్ళిళ్ళలో తేడా ఎక్కువ. మనకు మేనమామ కొడుకు బావ, వారికి మామూ కొడుకు అన్న. మేనరికం మాట వింటే ఒడియా పొరుగువారు ఇప్పటికీ చెవులు మూసుకుంటారు. మనవాళ్ళు మాత్రం, గోత్రాలు వేరు గదా, తప్పేముంది అంటారు. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళే పేరు. జన్యుగ్రంథంలో ఆ దారిన నడిచేది వై క్రోమోజోము ఒక్కటే. బీటా గొలుసు జన్యువున్న 11వ క్రోమోజోముకు గోత్రం తెలియదు, అది కూతురి ద్వారా కూడా అంతే వెళుతుంది. మేనబావ, మేనమరదలు గోత్రాలు వేరైనా వారి తాతా అమ్మమ్మలు ఒకరే కాబట్టి ఒక పూర్వీకుడి ఒకే ప్రతి రెండు దారులలో వచ్చి వారి బిడ్డలో కలుసుకొనే అవకాశం ఏ జన్యువు విషయంలోనైనా 16లో ఒకటి. మేనమామనే చేసుకుంటే 8లో ఒకటి.

దీని ఫలితం అన్ని జబ్బులకూ ఒకే తీరుగా ఉండదు, చాలా ప్రసంగాలు వదిలేసే ముక్క ఇదే. ఒక పాఠాంతరం ఒక జనాభాలోని నూరు ప్రతులలో ఒకదానిలో ఉందనుకుందాం. బంధుత్వం లేని దంపతుల పిల్లల్లో ఆ జబ్బు పదివేలకు ఒకరికి వస్తే, మేనరికపు పిల్లల్లో పదివేలకు సుమారు ఏడుగురికి వస్తుంది, అంటే ఏడు రెట్లు. అదే పాఠాంతరం పది ప్రతులలో ఒకదానిలో ఉంటే బయటి సంబంధాలలో పదివేలకు వంద, మేనరికంలో సుమారు 156. ఒకటిన్నర రెట్లే. జబ్బు ఎంత అరుదైతే మేనరికం పాత్ర అంత పెద్దది. సికిల్ అక్షరం బాగా వ్యాపించి ఉన్న కుటుంబాలలో మేనరికం మానేసి బయటి సంబంధం చేసుకున్నంత మాత్రాన రక్షణ వచ్చినట్టు కాదు, ఎందుకంటే బయటివారిలో కూడా అది ఉంది. అక్కడ కాపాడేది పరీక్షే. మరోవైపు, పేరు కూడా వినని వేల కొద్దీ అరుదైన జబ్బుల విషయంలో మేనరికం నిజంగానే బరువైనది. వాటన్నిటికీ ముందుగా పరీక్షలు చేయించలేం కాబట్టి, ఆచారం మీద నాకున్న ప్రేమను పక్కన పెట్టి, మేనమామ వరసను మాత్రం విడిచిపెట్టడమే మంచిదని నేను చెబుతుంటాను.

మేనరికం లేకపోయినా వేల ఏళ్ళు ఒకే కులంలో పెళ్ళిళ్ళు జరిగితే కూడా ఇలాంటి ఫలితమే వస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వారితో కలిసి 2009లో, మళ్ళీ 2017లో చేసిన అధ్యయనాలలో, మన దేశంలో అనేక సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగినవని చూపించారు. అందులో తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ వైశ్యులది. బరంపురం, పర్లాకిమిడి బజార్లలో తరతరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబాలకు ఇది తెలిసి ఉండడం మేలు. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును విరిచే ఎంజైము ఈ సమూహంలో కొందరికి పుట్టుకతోనే లోపిస్తుంది. మామూలువారిలో నిమిషాలలో విరిగిపోయే మందు వారిలో గంటల కొద్దీ నిలిచి, ఊపిరి తీసే కండరాలను కదలనివ్వదు. మత్తు డాక్టరుకు ముందే చెబితే వేరే మందు వాడతారు, ప్రమాదం ఉండదు. లక్షల జనాభా ఉన్న కులాన్ని చూసి ఇంత పెద్ద సమూహంలో బంధుత్వమేమిటి అనుకుంటాం. ఇప్పటి తలల లెక్క ఇక్కడ పనికిరాదు, మొదట్లో ఎందరున్నారన్నదే లెక్క.

మధుమేహం, రక్తపోటు, ఎత్తు వంటివి ఈ తీరున ఒక అక్షరంతో తేలేవి కావు. వందల, వేల పాఠాంతరాలు తలా కాస్త చేయి వేస్తాయి, తిండీ పనీ నిద్రా వంటివి కూడా చేయి వేస్తాయి. ఉమ్ము పంపితే మీ భవిష్యత్తు చెబుతామనే ప్రకటనలు ఎక్కువగా ఈ రకపు జబ్బుల మీదే నడుస్తాయి, వాటి లెక్కలు చాలావరకు ఐరోపా జనాభా ప్రతులను ముందు పెట్టుకొని కట్టినవి. 2003లో ముగిసిన మానవ జీనోమ్ ప్రాజెక్టుకు కూడా చదవడానికి సాధ్యంకాని ఖాళీలు మిగిలాయి, అవి 2022లో గాని పూడలేదు. మన దేశంలో దాదాపు పదివేల మంది ప్రతులను చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. మన పాఠాంతరాలను మన ప్రతులతో పోల్చి చూసే పని ఇప్పుడిప్పుడే మొదలైందన్నమాట.

పక్కింటావిడ రెండు కాగితాల దగ్గరికి ఇప్పుడు రావచ్చు. అమ్మాయి వాహకురాలైతే ఆ పాఠం తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండాలి. తల్లి నుంచైతే ఆమె అన్నకూ అన్న పిల్లలకూ కూడా ఉండే అవకాశం ఉంది గనక, రక్తపరీక్ష ఒకరికి చేసినా అది చెప్పే సంగతి ఇంటిల్లిపాదిదీ. కాబట్టి అన్నయ్యకు చెప్పాలి. అబ్బాయి కాగితంలో ‘నెగిటివ్’ ఉంది గదా, ఇంకా భయమేమిటి అని ఆమె అడిగారు. సొల్యుబిలిటీ పరీక్ష అడిగింది సికిల్ ఉందా అని మాత్రమే. అదే బీటా జన్యువులో మొదట చెప్పుకున్న రెండో రకపు తప్పు, అంటే బీటా గొలుసును తయారే కానివ్వని థలసీమియా పాఠం, ఒక ప్రతిలో ఉంటే ఆ పరీక్షకు అది కనబడదు. తల్లి నుంచి సికిల్ పాఠం, తండ్రి నుంచి థలసీమియా పాఠం వచ్చిన బిడ్డలో మామూలు బీటా గొలుసును చేయించే ప్రతి ఒక్కటీ ఉండదు. ఆ బిడ్డకు సికిల్ రోగులకు వచ్చే బాధలే వస్తాయి. అందుకని ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించమన్నాను. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌లను రకాల వారీగా విడదీసి శాతాలు చెబుతుంది. థలసీమియా వాహకులలో హెచ్‌బీ ఏ2 అనే చిన్న వాటా 3.5 శాతం దాటుతుంది.

పది రోజులకు ఆమె మళ్ళీ వచ్చారు. అమ్మాయి కాగితంలో సికిల్ హీమోగ్లోబిన్ 36 శాతం, మిగిలినది దాదాపు అంతా మామూలుది. వాహకురాలే. అబ్బాయిది ఏ2 2.7 శాతం, సికిల్ లేదు. అమ్మాయి తమ్ముడికీ పరీక్ష చేయించాలా అని ఈసారి ఆమే అడిగారు. చేయించమన్నాను, వాడి సంబంధాలు మొదలయ్యే లోపు.